పని సగంలో ఉంది

బిష్కెక్,
జూన్ 3, 2013

వదినకు,

అన్నయ్య నడుం నొప్పి ఎలా ఉంది? మందలతో కొండెక్కి పదిహేను రోజులైందని జోల్దోష్ చెప్పాడు. బజారులో వ్యానుకి పిండి బస్తాలు ఎక్కిస్తుంటే పట్టుకుని ఈ ఉత్తరం అతని చేతిలో పెడుతున్నాను. సరస్సు దగ్గర మీకు ఫోను పలకదు. పలికినా ఈ మాటలు ఫోనులో చెప్పలేను. మా ఇంట్లో నేను ఫోను పట్టుకుంటే ఎనిమిది చెవులు నిక్కబొడుచుకుంటాయి.

చలికాలంలో మా క్లినిక్ ఆడవాళ్ళమందరం ఒక సెమినార్‌కి వెళ్ళాం. ఎర్ర కోటు వేసుకున్న ఒకావిడ వేదికెక్కి, "పన్నెండేళ్ళప్పుడు ఒళ్ళు మరిచిపోయి చేసిన పనేమిటో రాయండి. ఆఖరిసారి అది ఎప్పుడు చేశారో పక్కన రాయండి" అంది. నేను 'బొమ్మలు' అని రాశాను. పక్కన రాయడానికి ఏ సంవత్సరమూ గుర్తు రాలేదు. నలభై మంది ముందు ఏడ్చేశాను వదినా. నా పక్కన కూర్చున్న నర్సు కూడా ఏడ్చింది. ఆవిడ 'నిద్ర' అని రాసిందట.

మర్నాడే వెళ్ళి రంగులు కొన్నాను. పెద్ద పెట్టె, చిన్న పెట్టె, కుంచెలు, కాగితం చుట్ట, బొమ్మ నిలబెట్టుకునే చెక్క చట్రం. నాలుగు నెలలుగా అవన్నీ బీరువాలో దుప్పట్ల వెనక ఉన్నాయి. పొద్దున ఆరు నుంచి ఆరూ నలభై దాకా 'నా సమయం' అని కాగితం మీద రాసి వంటింటి గోడకి అంటించాను. ఆ నలభై నిమిషాల్లోనే ఇస్త్రీ అవుతుంది, అత్తయ్యకి టీ అవుతుంది, మా వాడి రెండో సాక్సు దొరుకుతుంది. నాకు తీరిక ఉందని గోడ మీద చదివాక ఇంట్లో అందరికీ నాతో పని పడుతోంది.

అందుకే ఒక నెల మీ దగ్గరికి వస్తాను. నాకొక్కదానికీ వేరే గుడారం కావాలి. మీకు అక్కడ కాలంతో పనేముంది చెప్పు? పొద్దు పొడుస్తుంది, గుంకుతుంది. గడ్డి పెరుగుతుంది, గుర్రాలు మేస్తాయి. నాకు ఆ ప్రశాంతత కావాలి. ఇరవై రెండేళ్ళుగా నేను బతుకుతున్నది నా బతుకు కాదేమో అనిపిస్తోంది. నన్ను నేను వెతుక్కోవాలి. మా ఆయన జెనిష్‌కి ఇంకా చెప్పలేదు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

బొమ్మలు గీసే గుణం నాకు అమ్మ నుంచే వచ్చింది. మన పెద్దగదిలో అమ్మ గీసిన షిర్దక్ తివాచీ ఉండేది కదా, ఎరుపు మీద తెల్లటి పొట్టేలు కొమ్ములు? దాని మీద బోర్లా పడుకుని ఆ కొమ్ములన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించేదాన్ని. గుర్తుందా?

నీ ఆడపడుచు
దామిరా


సోన్‌కుల్ ఒడ్డు,
జూన్ 12

బోసినవ్వుకి,

పళ్ళ డాక్టరమ్మని అలా పిలవొచ్చా అని మూతి ముడవకు. అత్తింటివాళ్ళ పేర్లు పలకని కోడల్ని నేను. కాపురానికి వచ్చేసరికి నీకు ఏడేళ్ళు, ముందుపళ్ళు నాలుగూ లేవు. ఆ రోజు పెట్టుకున్న పేరు నలభై ఏళ్ళయినా నా నోట అలాగే ఉంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి పితుకుడికీ రెండో పితుకుడికీ మధ్య ఒకసారి, రొట్టె కాలుతుండగా ఒకసారి, అది మాడాక ఒకసారి.

దాచకుండా చెప్పు. కొట్టాడా? తాగుతున్నాడా? ఇంకొకత్తె ఉందా? ఇరవై రెండేళ్ళ కాపురం తర్వాత ఆడది వేరే గుడారం అడిగితే, అది రంగుల కోసమంటే నమ్మడానికి నేను నిన్న పుట్టానా? నన్ను నేను వెతుక్కోవాలని రాశావు. ఎక్కడ పారేసుకున్నావమ్మా? ఆ ఎర్ర కోటు ఆవిడ దగ్గరా? మాటలు అటూ ఇటూ తిప్పకు. నేను నీకు తల్లి తర్వాత తల్లినంటారు అందరూ.

ఎవరికీ చెప్పొద్దన్నావు. అందుకని మీ అన్నయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన మీ బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ ఇంటికి పెద్ద ఆయన, ఆయనకి చెప్పకపోతే ఎలా? బాబాయి పిన్నికి చెప్పలేదు గానీ, పైకి వినపడేలా ఆలోచించాడట. ఈ ఆదివారం ఆయన బిష్కెక్ బయలుదేరుతున్నాడు. ఊరికే చేతులూపుకుంటూ రాడు, మంచి గొర్రెని తెస్తున్నాడు. భయపడకు. నీ వైపే మాట్లాడతాడని మీ అన్నయ్య అన్నారు. కాసేపు జెనిష్ వైపు కూడా మాట్లాడతాడు, పెద్దమనిషి అన్నాక తప్పదు.

ఇక్కడంతా బాగానే ఉంది. ఈ ఏడు పదకొండు గుర్రాలు ఈనాయి. తెల్లవారింది మొదలు రెండేసి గంటలకి ఒకసారి, రోజుకి ఆరుసార్లు పితకాలి. మధ్యలో గుర్రప్పాలు పులిసి కుమిస్ అయ్యేదాకా తిత్తి చిలకడం, గట్టి పెరుగుతో కుర్ట్ ఉండలు చేసి ఎండబెట్టడం, రొట్టెలు, నీళ్ళు, పేడ పిడకలు, వచ్చేపోయే టూరిస్టుల భోజనాలు. మిగతాదంతా నువ్వన్నట్టు ప్రశాంతమే.

నాకు కుడివైపు కింది దవడపన్ను సలుపుతోంది. వోడ్కాలో దూది ముంచి పెట్టుకుంటున్నాను. దూది అయిపోయేలోపే సీసా అయిపోతోంది. మీ అన్నయ్యకి పంటి నొప్పి లేకపోయినా.

తివాచీ గుర్తుంది. ఎందుకు గుర్తుండదు?

నీ వదిన
సైరకాన్


బిష్కెక్,
జూన్ 20

వదినా,

ఇది ఉత్తరం కాదు, కేకలు.

నాలుగో అంతస్తుకి బతికున్న గొర్రె వచ్చింది. లిఫ్టులో ఒమోర్ బాబాయి, గొర్రె, మూడో అంతస్తు పియానో టీచరు. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. అత్తయ్య తలుపు తీసి, ఎందుకొచ్చారని కూడా అడక్కుండా, "బాల్కనీలో కట్టండి. నా పూలకుండీలకి అందకుండా" అంది.

బాబాయి టోపీ సర్దుకుని మొదలుపెట్టాడు. "అల్లుడూ, గిన్నే గరిటే తగలకుండా ఏ ఇంట్లోనూ వంటవదు."

"ఏ గరిటె బాబాయిగారూ?" అన్నాడు జెనిష్.

"నాకన్నీ తెలుసు. తప్పు ఒప్పుకున్నవాడికి తల తెగిపోదు. ఆడపిల్ల వేరే గుడారం అడిగిందంటే ఎంత కుమిలిపోయిందో!"

జెనిష్ నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు.

ఇంకొకత్తె ఉందా అన్న నీ మాట గుర్తొచ్చింది వదినా.

"తప్పయిపోయింది. మూడేళ్ళుగా శనివారాలు ఓవర్‌టైమ్ లేదు. ప్లాంటుకి వెళ్ళట్లేదు" అన్నాడు.

బాబాయి గడ్డం దువ్వుకోవడం ఆపేశాడు. అత్తయ్య తాడు ముడి వేయడం ఆపేసింది.

"రిజర్వాయరుకి వెళ్తున్నాను. చేపలు పట్టడానికి."

"ఎవరితో?" అంది అత్తయ్య.

"ఎవరూ ఉండరు. బాగుండేదే అది."

"మరి చేపలేవిరా?"

"వదిలేస్తాను."

మూడేళ్ళు! నేను రంగులు కొని, గోడకి కాగితం అంటించి, నాలుగు నెలలు కుమిలి, చివరికి కొండెక్కుదామనుకుంటే, ఈ మనిషి ఏ సెమినార్‌కీ వెళ్ళకుండా ప్రతి శనివారం తనని తాను వెతుక్కుని సాయంత్రం భోజనం వేళకి తెచ్చేసుకుంటున్నాడు! ఇంకొకత్తె ఉందన్నా ఇంత మండేది కాదు.

బాబాయికి తీర్పేం చెప్పాలో తోచలేదు. గొర్రెని కోసి తిన్నాం. తిన్నాక ఆయన, "దీన్ని ఒక నెల పంపించు. శనివారాలు లెక్కేస్తే ఇంకా నువ్వే బాకీ" అన్నాడు. అత్తయ్య వెంటనే, "వంటెవరు చేస్తారు?" అంది. అందరూ నా వైపే చూశారు.

అప్పుడు నీ పన్ను గుర్తొచ్చింది. అది వోడ్కాతో పోయేది కాదు, నాలుగైదుసార్లు కుర్చీలో కూర్చోవాలి. నా పక్క కుర్చీ డాక్టరమ్మ చేతి చలవ నాకు తెలుసు, ఆవిడకి చెప్పాను. నువ్విక్కడికి రా, నేనక్కడికి వస్తాను. నా ఇల్లు నువ్వు చూడు, నీ పని నేను చూస్తాను. ఎంతలే, పాలు పితకడమేగా. మధ్యలో రెండేసి గంటలు ఖాళీ అని నువ్వే రాశావు.

దామిరా


సోన్‌కుల్,
జూన్ 27

బోసినవ్వుకి,

వస్తాను. నీ ఉత్తరంలో చివరి ముక్క చదివి వినిపిస్తే మీ అన్నయ్య నవ్వారు. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది, ఆ పుణ్యం నీదే.

నువ్వొచ్చేసరికి నేను దారిలో ఉంటాను, జోల్దోష్ వ్యాను ఒక్కటే కదా. కాబట్టి రాసి పెడుతున్నాను. పిల్లని చూడనిదే గుర్రం చేపదు. ముందు పిల్లని వదిలి రెండు గుక్కలు తాగనిచ్చి, పక్కకి లాగి, అప్పుడు మోకాలి మీద కూర్చుని పితకాలి. ఆలస్యం చేస్తే పాలు పైకి లాగేసుకుంటుంది. నుదుటి మీద తెల్ల మచ్చదానికి పాట పాడాలి. ఏ పాటైనా ఫరవాలేదు, ఆపకూడదు. చెవులు వెనక్కి వాల్చేదాని వెనక నిలబడకు. ముందు కూడా నిలబడకు.

నేను బిష్కెక్ చూసి పదకొండేళ్ళయింది. మీ అత్తగారు నన్ను భరిస్తారో లేదో. నా నల్ల గౌను మోచేతి దగ్గర వెలిసింది, ఫరవాలేదా?

సైరకాన్


సోన్‌కుల్,
జూలై 10

వదినా,

మూడో పితుకుడికీ నాలుగోదానికీ మధ్య రాస్తున్నాను. వేళ్ళు వంగడం లేదు, అక్షరాలు చూసి నవ్వకు.

రెండు గంటల ఖాళీ ఎక్కడుంది? నేను వెతికాను. పదకొండు గుర్రాలు పితికేసరికి ముప్పావు గంట. పాలు వడకట్టి తిత్తిలో పోసి చిలికేసరికి ఇంకో అరగంట. కడవలు కడుక్కోవాలి, నీళ్ళు మోసుకురావాలి. ఈలోగా ఎవరో ఒకరు గుడారం తలుపు ఎత్తుతారు. నలభై ఏళ్ళు నువ్వు ఇది చేస్తూ, నేను ఏటా ఆగస్టులో వచ్చి నాలుగు రోజులు కుమిస్ తాగి, "అబ్బ, మీరెంత హాయిగా ఉన్నారు" అని వెళ్ళేదాన్నా? ఒక్కసారైనా కడవతో కొట్టాల్సింది.

నిన్న జర్మనీ నుంచి భార్యాభర్తలొచ్చారు. ఆవిడ పొద్దున్నించి సరస్సు ఒడ్డున కూర్చుని రంగులు వేసుకుంది. నేను మూడుసార్లు టీ, రెండుసార్లు నూనెలో వేయించిన బోర్సోకులు మోసుకెళ్ళాను. సాయంత్రం ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. కూడా వచ్చిన గైడు చెప్పాడు: "మీరు అదృష్టవంతులట. ఇంత తీరికగా, ప్రకృతిలో కలిసిపోయి బతుకుతున్నందుకు మిమ్మల్ని చూస్తే అసూయగా ఉందట."

నేను బిష్కెక్‌లో పళ్ళ డాక్టర్నని చెప్పబోయాను. ఈలోగా అన్నయ్య, "దామిరా! తెల్లమచ్చది!" అని అరిచాడు. పాట పాడుకుంటూ పరుగెత్తాను. ఆవిడ ఫోటో తీసుకుంది.

చిన్న రంగుల పెట్టె ఇంకా సంచీలోనే ఉంది. పెద్దపెట్టే, చట్రమూ వ్యానులో పిండి బస్తాల మధ్య పట్టలేదు, బీరువాలోనే వదిలేసి వచ్చాను. పట్టకపోవడమే మంచిదైంది, ఇక్కడ పిడకల కింద వాడేసేవాడు అన్నయ్య.

పన్నెలా ఉంది? అత్తయ్య ఏమంటోంది?

దామిరా


బిష్కెక్,
జూలై 17

బోసినవ్వుకి,

పన్ను పీకేశారు. బాగు చేయడానికి అందులో ఏమీ మిగల్లేదట. పక్కపన్నుకి మాత్రం ఇంకా మూడుసార్లు రమ్మన్నారు. నన్ను నువ్వు బోసినవ్వు అనే రోజొచ్చింది.

మీ అత్తగారు మంచావిడ. నువ్వు చెప్పినంత లేదు. మాటకి పెడసరం గానీ తిండి పెడితే తింటుంది, ఇంతకన్నా ఏం కావాలి? పిల్లలు వచ్చినప్పుడూ పోయినప్పుడూ కనిపిస్తారు. జెనిష్ మొన్న శనివారం చేప తెచ్చాడు. దాన్ని వదిలేస్తే మీ అత్తగారు వదిలిపెట్టనన్నారట.

అమ్మాయ్, నీతో ఒకటి అనాలి, కోపం తెచ్చుకోకు. నీ ఇంట్లో పని లేదు. బట్టలు మిషను ఉతుకుతుంది, నీళ్ళు గోడలోంచి వస్తాయి, నిప్పు అగ్గిపుల్ల లేకుండా అంటుకుంటుంది. మొదటి రోజు తొమ్మిదిన్నరకి అంతా అయిపోయింది. నేనేదో మరిచిపోయానేమోనని ఇల్లంతా మూడుసార్లు తిరిగాను. కిందికి వెళ్ళి మెట్లు కడిగాను. పియానో టీచరు సంతోషపడింది, నీతో మాట్లాడతానంది. పదిన్నరకి కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే ఎవరివో చేతుల్లా ఉన్నాయి. ఆస్పత్రి, క్లినిక్ నాకు లేవు, నిజమే. ఊరికే అన్నాను.

నాలుగో రోజు దుప్పటి కోసం బీరువా తెరిచాను. నీ రంగులు కనిపించాయి. ఎండిపోయాయేమో చూద్దామని ఒకటి మూత తీశాను. ఎండిపోలేదు. రెండోది కూడా చూశాను. కాగితం చుట్ట కొంచెం విప్పాను, గదిలో పరచడానికి సరిపోయినంత. మీ అత్తగారు కర్ర తాటించుకుంటూ వచ్చి, "ఏం చేస్తున్నావ్?" అన్నారు. కొమ్ము గీస్తున్నానన్నాను. ఆవిడ కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. "ఆ మెలిక ఇంకా లోపలికి పోవాలి" అన్నారు. పోనిచ్చాను. మధ్యాహ్నం భోజనం ఇద్దరం మరిచిపోయాం.

మర్నాడు ఆవిడే బజారుకి తీసుకెళ్ళి ఒత్తిన ఉన్ని కొనిపించారు. ఎరుపొకటి, తెలుపొకటి. ఒకదాని మీద ఒకటి పరిచి రెంటినీ కలిపి కోయాలి. ఇందులోంచి తీసిన కొమ్ము అందులో పొదగాలి. కోశాక తప్పు దిద్దుకోవడానికి ఉండదు, కాబట్టి ముందు కాగితం మీద చాలాసార్లు గీయాల్సి వచ్చింది.

నలుపు అయిపోయింది. ఎరుపు కూడా కొంచెమే ఉంది.

సైరకాన్


సోన్‌కుల్,
జూలై 25

వదినా,

నలుపు అయిపోయిందా? పెద్ద పెట్టెలో నలుపా? వాటి మూతలు నేను కూడా తీయలేదు! నాలుగు నెలలు రోజూ బీరువా తెరిచి చూసుకుని మళ్ళీ వేసేదాన్ని. మొదటి గీత నేనే గీయాలని దాచుకున్నాను. అడగాలని కూడా అనిపించలేదా నీకు? మా ఇంట్లో పని లేదట! ఇరవై రెండేళ్ళు నేను క్లినిక్‌లో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి చేసుకున్న ఇల్లది. నీకు తొమ్మిదిన్నరకే అయిపోతుందా? ఇక్కడ నా గోళ్ళు చూడు, నా నడుం చూడు, అన్నయ్య మళ్ళీ పిలుస్తున్నాడు, వస్తున్నానని చెప్పినా...

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను. పైది చింపేద్దామనుకున్నాను. కాగితం ఇదొక్కటే ఉంది, ఉండనీ.

పితుకుతూ పితుకుతూ అన్నయ్య దగ్గర నీ మీద చాడీలు చెప్పాను. అతను పిల్లగుర్రం తాడు పట్టుకుని నిలబడ్డాడు. "కొమ్ములు గీస్తోందా?" అన్నాడు. "మళ్ళీనా?"

"మళ్ళీ ఏమిటి?"

"నీకు తెలీదా? మన పెద్దగది షిర్దక్ మీ వదిన గీసిందే. కాపురానికొచ్చిన మొదటి చలికాలం. సుద్దముక్కతో, చూసి గీయడానికేమీ లేకుండా, ఒక్క బిగిన గీసేసింది. కోచ్‌కోర్ నుంచి కూడా వచ్చి చూసి పోయేవాళ్ళు. అమ్మేమో తనే గీశానంది."

"నువ్వేమీ అనలేదా?"

"నన్నెవరడిగారు?" అన్నాడు. పిల్లగుర్రాన్ని ఇంకాస్త పక్కకి లాగి, "కొత్త కోడలికి పేరొస్తే పొగరెక్కుతుందని అమ్మ భయం. తర్వాత పిల్లలు, గుర్రాలు. ఆ సుద్ద ఎటు పోయిందో" అన్నాడు.

నేను పితకడం ఆపేశాను. ఆ చెవులు వాల్చేది తన్నింది. మోకాలి కింద తగిలింది, విరగలేదు.

వదినా, నేను పన్నెండేళ్ళప్పుడు నోటుపుస్తకంలో ఎక్కించుకున్నది నీ గీత. మొదటి ఉత్తరంలో అమ్మ గీసిందని నేను రాస్తే, 'గుర్తుంది' అని ఊరుకున్నావు. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా?

రంగులన్నీ వాడెయ్యి.

దామిరా


బిష్కెక్,
ఆగస్టు 1

బోసినవ్వుకి,

మోకాలికి గొర్రెకొవ్వు రాయి. వెనక నిలబడొద్దని రాసి పెట్టాను కదా.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? మీ అమ్మ దాన్ని రెండు చలికాలాలు కుట్టింది. కుట్టిన చేతికి మాత్రం పేరుండొద్దా? అలా సర్దుకున్నాను. సర్దుకోవడానికి ముందు ఒక రెండేళ్ళు చాలా కోపంగా ఉండేది. తర్వాత కోపానికి తీరిక లేకపోయింది. నువ్వు దాని మీద పడుకుని గీస్తుంటే చాటుగా చూసేదాన్ని. నువ్వు మెలికలు తప్పు వేసేదానివి. చెప్పాలనిపించేది. చెబితే నేను గీసిందని తెలిసిపోతుందని ఊరుకున్నాను.

ఇప్పుడొకటి అడుగుతాను. నీ నెల ఈ ఆదివారంతో అయిపోతుంది. నాకింకో పదిహేను రోజులు కావాలి. కోయడం సగమైంది. కొత్త నమూనా, కొమ్ముల మధ్య నీళ్ళలాంటిదొకటి వచ్చింది, అది ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఇప్పుడు వదిలేసి వస్తే మళ్ళీ చెయ్యి తిరగదు. మీ అత్తగారు ఉండమంటున్నారు. జెనిష్ మాట్లాడలేదు, చేప తెచ్చాడు.

నన్ను నేను వెతుక్కోవడానికి కాదు, నీలాగా. నేనెక్కడికీ పోలేదు. పని సగంలో ఉంది, అంతే.

మీ అన్నయ్యని ఈ నలభై ఏళ్ళలో ఏమీ అడగలేదు. ఎలా అడగాలో కూడా తెలీదు. నువ్వే చదివి వినిపించు. కోపమొస్తే ఆపెయ్యి, వచ్చేస్తాను.

సైరకాన్


సోన్‌కుల్,
ఆగస్టు 9

వదినా,

చదివి వినిపించాను. అన్నయ్య లేచి వెళ్ళి జీను సర్దాడు, అవసరం లేకపోయినా. పొద్దు గుంకేముందు వచ్చి, "పదిహేను రోజులంటే పదిహేనేనా?" అన్నాడు. అవునన్నాను. "కడవ ఇటివ్వు" అన్నాడు.

కనుమ దాకా గుర్రం మీద వెళ్ళి క్లినిక్‌కి ఫోను చేసి సెలవు పొడిగించుకున్నాను. వాళ్ళు అరిచారు. సిగ్నల్ సరిగా లేదని చెప్పాను, బాగానే ఉంది.

ఈలోగా నువ్వు కాపురం వదిలేసి పట్నంలో ఉండిపోయావని కొండంతా పాకింది. జోల్దోష్ నోరు నీకు తెలుసుగా. ఒమోర్ బాబాయి దిగాడు. ఈసారి గొర్రె లేదు, ఇక్కడ మనకే నూటయాభై ఉన్నాయి కదా. "కుబాత్, ఆడది ఇల్లు వదిలిందంటే గిన్నే గరిటే..." అని మొదలుపెట్టాడు. అన్నయ్య పితుకుతూనే ఉన్నాడు. "బాబాయ్, దానికి పని సగంలో ఉంది" అన్నాడు. "ఏం పని?" "షిర్దక్. మనింట్లో పెద్దది కూడా దానిదే." బాబాయి కుమిస్ గిన్నె కింద పెట్టి, "మీ అమ్మ నాతో వేరేగా చెప్పిందే" అన్నాడు. "అవును, చెప్పింది" అన్నాడు అన్నయ్య. అంతే వదినా. నలభై ఏళ్ళ సంగతి, గుర్రం కడుపు కిందనుంచి చెప్పేశాడు.

తెల్లమచ్చదానికి ఇప్పుడు అతనే పాడుతున్నాడు. ఆ గొంతుకి అది హడలిపోయి చేపుతోంది.

నా సంగతి అడుగుతావేమో. మొన్న వడగళ్ళు పడ్డాయి, ఎవరూ రాలేదు, గంటన్నర పూర్తిగా నాది. రంగుల పెట్టె తీశాను. నీళ్ళు పెట్టుకున్నాను. కుంచె తడిపాను. మెలకువ వచ్చేసరికి అన్నయ్య లేపుతున్నాడు, కుంచె బుగ్గకి అంటుకుని ఉంది. ఆ నర్సు రాసిందే సరైన జవాబు.

దామిరా


సోన్‌కుల్,
ఆగస్టు 29

బోసినవ్వుకి,

వచ్చిన రోజు గుడారం చూసి గుర్తుపట్టలేదు. నా కడవలన్నీ నువ్వు ఎత్తు ప్రకారం పేర్చావు. తీసి మళ్ళీ నా పద్ధతిలో పెట్టుకున్నాను.

కోయడం పూర్తయింది, ముక్కలన్నీ మోసుకొచ్చాను. కుట్టడం మిగిలింది. ఇక్కడికొచ్చాక మూడు రోజులు మూట విప్పలేదు. నాలుగో రోజు మీ అన్నయ్యతో చెప్పాను. గురువారం గురువారం, మధ్యాహ్నం రెండు గంటలు నన్ను పిలవొద్దు. గుడారానికి నిప్పంటుకుంటే తప్ప. ఒక పితుకుడు ఆయనే చేసుకోవాలి. గుర్రాలకీ చెప్పాను. గుర్రాలకి అర్థమైంది.

మీ అన్నయ్య మొదటి గురువారం ఏడుసార్లు తలుపెత్తారు. ఉప్పెక్కడ, తాడెక్కడ, టూరిస్టులొచ్చారు, టూరిస్టులెళ్ళిపోయారు. ఏడోసారి, "ఏమీ లేదు, చూద్దామని" అన్నారు. అప్పుడు కూర్చోమన్నాను. దారం ఎక్కించి ఇచ్చారు. రెండో గురువారం ఐదుసార్లు.

నీ రంగులన్నీ వాడేశాను. నువ్వే వాడమన్నావు.

సైరకాన్


బిష్కెక్,
సెప్టెంబరు 9

వదినా,

కొత్త పెట్టె కొన్నాను. గోడ మీది కాగితం చింపేశాను. ఆరింటికి నేనే ఇస్త్రీ చేస్తున్నాను, మామూలే.

శనివారం మాత్రం జెనిష్ గాలాలు సర్దుకుంటుంటే కారు ఎక్కి కూర్చున్నాను. "ఎక్కడికి?" అన్నాడు కంగారుగా. "నీతో కాదు, నీ పక్కన. మాట్లాడను" అన్నాను. "ఒట్టేనా?" అన్నాడు. ఇద్దరం రిజర్వాయరు ఒడ్డున ముప్ఫై అడుగుల దూరంలో కూర్చున్నాం. మధ్యాహ్నం దాకా ఒక్క మాటా లేదు. పెళ్ళయ్యాక ఇంత బాగా ఎప్పుడూ గడవలేదు. మధ్యలో అత్తయ్య ఏడుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఇంటికి వెళ్ళేసరికి ఎవరూ చావలేదు, మా వాడు గుడ్లు మాత్రం మాడ్చాడు.

నేను గీసిన మొదటి బొమ్మ జోల్దోష్ చేతికిచ్చి పంపుతున్నాను. తెల్లమచ్చ గుర్రం. జెనిష్ దాన్ని కుక్కన్నాడు. అత్తయ్య ఆవంది. మా వాడు, "బాగుందమ్మా" అన్నాడు, చూడకుండా. నాకు మాత్రం చచ్చేంత సంతోషంగా ఉంది. నీకు చూపించాలంటే భయంగానూ ఉంది. ఎర్ర కోటు ఆవిడైతే చప్పట్లు కొడుతుంది. నువ్వు నిజం చెప్పు.

దామిరా


కోచ్‌కోర్ దగ్గర, మన ఊరు,
సెప్టెంబరు 22

బోసినవ్వుకి,

మందలు దించాం. పాలకాలం అయిపోయింది. ఇక్కడ ఫోను పలుకుతుంది గానీ, ఫోనులో చెబితే నువ్వు మధ్యలో అడ్డొస్తావు.

నీ బొమ్మ చూశాను. నిజం చెప్పమన్నావు. వెనక కాళ్ళు తప్పు. గుర్రం మోకాలు అలా ముందుకి వంగదు, వెనక్కి వంగుతుంది. ఆరు వారాలు దాని కింద కూర్చుని పితికావు, ఒకసారి తన్నించుకున్నావు కూడా, చూడలేదా? మెడ బాగుంది. పిల్లకోసం తల తిప్పి చూసే మెడ అది, నాకు తెలుసు. ఆ మెడ దగ్గర నీ చెయ్యి భయపడలేదు. కాళ్ళ దగ్గర భయపడింది. కాళ్ళు మళ్ళీ గియ్యి. మొత్తం గుర్రం వద్దు, ఒక్క కాళ్ళే, ముప్ఫై సార్లు.

గీసి పంపించు, చూస్తాను. తొందర పెట్టకు. గురువారం దాకా నాకు తీరదు.

సైరకాన్